యుద్ధానంతరము

శ్రీ సిటీ యున్న సత్యవేడు ప్రాంతము మొదలుకొని చిత్తూరు సీమలోని పెక్కు గ్రామములలో ధర్మరాజస్వామి ఆలయములు గలవు. అచ్చట భారతోత్సవములు జరుగును. భీమ వేషధారి మట్టితో చేసిన దుర్యోధనుని తొడను గదతో మోదును. భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు. పిమ్మట ధర్మరాజునకు పట్టాభిషేకమగును. జనులు సంతోషముతో ఇండ్లకు మరలుదురు.

కాని గెలిచిన ధర్మరాజు సంతోషించెనా? తిక్కన సోమయాజి తెనిగించిన శాంతిపర్వము చదివినచో లేదని తెలియును. కర్ణుడు తన అన్న యని తల్లివలన విని, అతడు శోకమున మునిగెను. రాజ్యము వలదు, అడవికి పోదుననెను. తమ్ములు మందలించిరి, దుఃఖము తీరలేదు. వ్యాసుడును శ్రీకృష్ణుడును ఓపికతో పలుమారు చెప్పి యూరడించిన పిదపనే అతని మనస్సు కుదుటబడెను.

మొదటి ప్రపంచయుద్ధమున (1914–18) వైద్యులు ఒక వింతను కనుగొనిరి. దేహమున గాయమే లేని సైనికులు గజగజ వణకుచుండిరి. కొందరికి మాట పడిపోయెను. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు ఒక వ్యాసములో దీనిని ‘షెల్ షాక్’ అని పేర్కొనెను. ఫిరంగిగుండ్ల ప్రేలుడే కారణమని మొదట తలచిరి. కాని ప్రేలుడునకు దూరముగా నున్నవారికిని ఈ బాధ కలిగెను. పెక్కురను పిరికివారని నిందించిరి. ఆ యుద్ధకాలమున పిరికితనము, పలాయనము మున్నగు నేరములకు కాల్చి చంపబడిన మూడువందలమందికి పైగా సైనికులకు బ్రిటిషు ప్రభుత్వము 2006లో క్షమాభిక్ష ప్రకటించెను. వారిలో ఇట్టి వ్యాధిగ్రస్తులును ఉండిరి.

1980లో అమెరికా మనోవైద్యులు ఈ వ్యాధిని తమ గ్రంథమున చేర్చిరి. ఆపదలో మేలుకొన్న భయము ఆపద తొలగినను నిద్రింపకుండుటయే దీని లక్షణము. దీపావళి టపాకాయ ప్రేలినను అట్టివాడు ఉలికిపడును; పీడకలలతో మేల్కొనును; ఎవరితోను మాటలాడడు.

పశ్చిమగోదావరి సీమలోని మాధవరము ‘మిలిటరీ మాధవరము’గా ప్రసిద్ధి కెక్కెను. రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరినుండి ఎందరో వెడలిరి. అట్టి యూళ్ళలో మరణించినవారికి స్మారకములు నిలుపుదుము. మరలివచ్చినవారి మౌనమునకు ఏమి చేయుదుము?

ఇప్పుడు చికిత్స గలదు. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. మీ యింటనో, వీథిలోనో సైన్యమునుండి మరలివచ్చిన వారుందురు. “ఎందరిని చంపితివి?” అని వారి నడుగకుడు. వారు చెప్పదలచినపుడు ఓపికతో వినుడు. గాయము కంటికి కనబడకున్నంతమాత్రమున అది లేదనరాదు.