వెలుగు రవ్వల లెక్క

హైదరాబాదులో అబిడ్సు కూడలి యొద్ద నిలిచి చూడుడు. ఒకరు నాంపల్లి స్టేషనునకు, ఒకరు కోఠీకి, వేరొకరు పెద్ద తపాలా కార్యాలయమునకు పోవుచుందురు. ఒక బాటసారి ఎటు మరలునో ముందుగా చెప్పజాలము. కాని లక్షమందిని లెక్కించినచో ఏ త్రోవను ఎందరు పోవుదురో తేలును. ఇట్టి లెక్కయే నేడు వైద్యమునకు తోడ్పడుచున్నది.

నాంపల్లికి చేరువగా రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పబడిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు వైద్యశాల కలదు. కాన్సరు ఎముకలకు ప్రాకినదో లేదో కనుగొనుటకు వైద్యులు టెక్నీషియము కలిసిన మందును స్వల్పముగా రోగి రక్తములోనికి ఎక్కింతురు. దాని నుండి వెలువడు గామా కిరణములు కెమేరాలోని సోడియము అయొడైడు పలకను తాకగా సూక్ష్మమైన వెలుగు రవ్వలు పుట్టును. ఆ రవ్వల వలననే చిత్రమేర్పడును. 1950 దశకమున అమెరికాలో హాల్ ఆంగర్ ఈ కెమేరాను నిర్మించెను.

పలక దళసరియైన కొలదియు కిరణములు ఎక్కువగా చిక్కును, కాని చిత్రము మసకబారును. పలుచనైనచో చిత్రము స్పష్టమగును, కాని కిరణములు తప్పించుకొనును. అప్పుడు రోగికి మందైనను పెంచవలెను, పరీక్షా సమయమైనను పెంచవలెను.

ప్రతి కొలతకును ఒక పలకను చేసి చూచుట వ్యయసాధ్యము. కావున శాస్త్రజ్ఞులు కంప్యూటరులో అంకెలతోనే పలకను కల్పించి, ఒక్కొక్క కిరణమును వెంబడింతురు. అది ఎంతదూరము పోవునో, ఎటు మరలునో పాచిక వేసినట్లు నిర్ణయింతురు. ఆ పాచిక మాత్రము ప్రకృతి నియమములకు లోబడి పడును. కోట్ల కిరణములను లెక్కించిన పిమ్మట ఏ పలక మేలో తేలును. 1940 దశకమున ఉలాం, వాన్ నాయ్‌మన్ అను గణితవేత్తలు తీర్చిన ఈ విధానమునకు మాంటీ కార్లో పద్ధతి యని పేరు.

అయినను ఆ ఫలితమును నిజమైన పలకతో సరిచూచిన గాని నమ్మరాదు. బాలబాలికలారా! అంకెలలో జరిగిన తప్పును అంకెలలోనే దిద్దుకొనవచ్చును. రోగి దేహముపై జరిగిన తప్పును దిద్దుట దుర్లభము.