పైరును చెఱచు అడవిపంది: తుపాకి గుండును గూర్చి రైతులు తెలియవలసిన సంగతులు

రైతులారా! మక్కచేను కంకివేయు దినములలో అడవిపందుల మంద ఒక్క రాత్రిలోనే మాసముల శ్రమను మట్టిపాలు చేయును. హైటెక్ సిటీకి నైరృతిదిక్కున, 1994లో జాతీయోద్యానమైన చిలుకూరు మృగవని వంటి యడవుల చెంత సాగుచేయువారు ముఖ్యముగా ఈ క్రింది మూడు సంగతులను గమనింపవలయును.

మొదటిది అనుమతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ననుసరించి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయన అధికారమిచ్చినవారుగాని వ్రాతమూలకముగా ఉత్తరువు చేయనిదే పందిని కాల్పింపరాదు.

రెండవది గుండు. .315 రైఫిలు గుండు బరువు సాధారణముగా 244 గ్రెయినులు, అనగా సుమారు 16 గ్రాములు. మొనయందు సీసము బయటికి గనుపించునది మెత్తని గుండు. అది దేహములో విరిసి, తన బలమును అచ్చటనే వ్యయపఱచి, జంతువును శీఘ్రముగా పడవేయును. మొనతోసహా కఠినలోహపు తొడుగు గలది ములుగఱ్ఱవలె దూరి ఆవలికి పోవును. పంది గాయముతో పారిపోవును, గుండు పొరుగువానికి తగులవచ్చును. కావున మెత్తని గుండునే వాడింపుడు. అదియును గురి తప్పినచో కిలోమీటరుకు మించి పోగలదు. చేల చుట్టును ఇండ్లు పెరిగిన ఈ దినములలో, పంది వెనుక ఎత్తైన మట్టిగట్టు లేనిచో కాల్పనీయకుడు.

మూడవది మందు. కాల్చిన తూటా గొట్టములో లైసెన్సు లేక ఇంటివద్ద మరల మందు కూరుట 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద నేరము. మందు కొలత హెచ్చినను, రకము మారినను ఒత్తిడి మితిమీరి, తుపాకి పగిలి, కాల్చువాని కన్నును చేతిని హరింపవచ్చును.

కంచెకు విద్యుత్తు తీగ తగిలింపకుడు. అది పందియని, మనిషియని చూడదు. పోయిన పంట మరుకారున వచ్చును. పోయిన ప్రాణము రాదు.