తిమోతికి బలమిచ్చినవారు

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికను మన విద్యార్థులు బైబిలు తరగతిలో చదివియే యుందురు. ఆ జాబు వ్రాయునప్పటికి పౌలు రోమాలో సంకెళ్లతో నుండెను. తన యంత్యకాలము సమీపించినదని యెఱిగియుండెను. తిమోతి వయస్సున చిన్నవాడు, తఱచుగా జబ్బుపడువాడు. కొంత వెనుకాడు స్వభావము గలవాడని పౌలు మాటలనుబట్టి తోచుచున్నది. అట్టి శిష్యునికి ధైర్యము చెప్పవలసివచ్చి ఆ గురువు మొట్టమొదట తలచినది యెవరిని? ఆ చిన్నవాని యవ్వను. లోయి యను అవ్వయొక్క విశ్వాసమును, పిమ్మట తల్లియైన యునీకే విశ్వాసమును పేరుపెట్టి చెప్పి, ఆ విశ్వాసమే నీయందును గలదని నేను రూఢిగా నమ్ముచున్నానని వ్రాసెను.

లోయి పేరు బైబిలంతటిలో నీ యొక్క చోటనే కలదు. ఆమె బోధకురాలు గాదు, రాణి గాదు. తిమోతి తండ్రి గ్రీకుజాతివాడు. ఆయన విశ్వసించెనని యెచ్చటను చెప్పబడలేదు. అయినను తిమోతి పసితనమునుండి లేఖనముల నెఱిగినవాడు. ఆ చదువు ఇంటి స్త్రీలవలన వచ్చినదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వెంటనే పౌలు చెప్పిన హెచ్చరిక యింకను గమనింపదగినది. నీకు కలిగిన వరమును నిప్పు రాజవేసినట్లు రాజవేయుమని దాని భావము. మా యవ్వ అగ్గిపుల్ల వ్యయము చేయుట కిష్టములేక, రాత్రి వంట ముగియగానే పొయ్యిలో నొక పిడకను కాల్చి, బూడిద కప్పి పరుండెడిది. తెల్లవారి చూచినవారికి వట్టి బూడిదయే కనబడును. ఆమె బూడిద తొలగించి, నాలుగెండుటాకులు వేసి, గొట్టముతో నూదగా మంట లేచెడిది. నిప్పు నిన్నటిదే, ఊదుట మాత్రము ప్రతి యుదయమును చేయవలసిన పని. పొరుగిండ్లలో నిప్పు ఆఱినపుడు వారి పిల్లలు పిడకముక్కమీద మా యింటినుండి నిప్పు గొనిపోవుచుండిరి. క్రైస్తవులైన తాతముత్తాతలు తమకు లేరని చిన్నబుచ్చుకొను విద్యార్థులు దీనిని యోచింతురుగాక. పొరుగింటినుండి తెచ్చిన నిప్పుతో వండిన యన్నమునకు రుచి తగ్గునా?

మన తెలుగుదేశమందలి మొదటి విశ్వాసులు పలువు రిట్టివారే. 1854 జనవరి 1వ తేదీని తెల్లవారుజామున ఒంగోలులో నొక కొండపైన జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కూడి, ఆ సీమకు మిషనెరీని పంపుమని దేవుని వేడుకొనిరి. ఫలము కానరాదని తెలుగు మిషనును విడిచివేయుదుమా యని అమెరికాలోని సంఘమువారు యోచించుచున్న దినములవి. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 1866లో క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చిరి. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, కరవు తీవ్రముగా నున్నంతకాలము బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనవారు వల్లెవేసినట్లు చెప్పుదురు. నాకైతే కొండమీది యైదుగురే మిక్కిలి జ్ఞాపకమునకు వచ్చుచుందురు. వారిలో నా ముగ్గురు తెలుగువారు మఱియు. వారికి లోయివంటి యవ్వ యెవరు? ఎవరును లేకయే వారు మనకు అవ్వతాతలైరి.

ఇంత చెప్పినను, పెద్దల పేరు చెప్పుకొని బ్రదుకుట వేఱు. మోషే చేయించిన యిత్తడి సర్పము ఒకప్పుడు ప్రజల ప్రాణములు కాపాడినదే. తరువాతివారు దానికే ధూపము వేయసాగిరి గనుక హిజ్కియా రాజు దానిని పగులగొట్టించెను. మా తాత ఫలానా సంఘములో పెద్ద యని చెప్పుచు ఆదివారము గుడికి రానివారిని నేనెఱుగుదును.

తిమోతికి అవ్వయు తల్లియు గాక గురువు కూడ నుండెను. తిమోతి లుస్త్రలో మంచి పేరు పొందినవాడు. ఆ యూరిలోనే ప్రజలు పౌలును రాళ్లతో కొట్టి, చచ్చెనని తలచి, వెలుపలికి ఈడ్చివేసిరి. ఆయన లేచి మరల నా యూరిలోనికే వెళ్లెను. మఱునాడు దెర్బేకు పోయి, అచ్చట పని ముగించుకొని తిరిగి లుస్త్రకే వచ్చెను! తనకు లుస్త్రలో కలిగిన హింసలు నీకు తెలియును గదా యని పౌలు ఆ జాబులో జ్ఞాపకము చేయుచున్నాడు. తిమోతికి గురువునందు దొరకిన బలము ఉపన్యాసమువలన వచ్చినది గాదు, చూచినదానివలనను విన్నదానివలనను వచ్చినది. ఆ పౌలునకును ఒకప్పుడు చేయూత కావలసివచ్చెను. యెరూషలేములో శిష్యులందఱు తన్ను నమ్మక భయపడినపుడు చేయిపట్టి చేర్చుకొన్నవాడు బర్నబా. తరువాత తార్సువఱకు వెదకుచు పోయి పిలుచుకొని వచ్చినవాడును అతడే.

ఆ పత్రిక చివరిభాగమును విద్యార్థులు తఱచు దాటివేయుదురు. అందు పెద్దవాడు చిన్నవానిని సహాయ మడుగుచున్నాడు. లూకా మాత్రమే నా యొద్దనున్నాడు. త్రోయలో కర్పు యింట విడిచిన యంగీని, పుస్తకములను, విశేషముగా చర్మపు కాగితములను తెమ్ము. శీతకాలము రాకముందే బయలుదేఱి రమ్ము అని వ్రాసెను. ఆ యంగీ పట్టుకొని తిమోతి వేళకు రోమా చేరెనో లేదో గ్రంథము చెప్పలేదు.