అరుపు కింద ఉన్న లెక్క: డ్రైవ్ లైక్ జెహూ మొదటి ఆల్బమ్

ఈసారి నేను రాస్తున్నది తెలుగు పాట గురించి కాదు. అమెరికాలో శాన్ డియాగో అనే ఊరి నుంచి 1991లో వచ్చిన ఒక ఆల్బమ్ గురించి. బ్యాండ్ పేరు డ్రైవ్ లైక్ జెహూ, ఆల్బమ్ పేరూ అదే. మొత్తం తొమ్మిది పాటలు. మన క్యాంపస్‌లో దీన్ని విన్నవాళ్ళు ఒక చేతి వేళ్ళకి సరిపోతారేమో. కానీ ఎక్కడైనా సరే, విన్నవాళ్ళని కదిలిస్తే మాత్రం ఇంక ఆపరు. ఇంత తక్కువ మందికి తెలిసిన ఆల్బమ్ మీద అంత పిచ్చి ఏంటి? వాళ్ళకి అందులో ఏం వినపడుతోంది? ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఈ రకం సంగీతం పేరు చూద్దాం. పంక్ రాక్‌ని ఇంకా స్పీడ్ పెంచి, ఇంకా పొట్టిగా చేస్తే హార్డ్‌కోర్. కాలిఫోర్నియాలో బ్లాక్ ఫ్లాగ్, వాషింగ్టన్ డీసీలో మైనర్ థ్రెట్ దీంట్లో పెద్ద పేర్లు. చాలా పాటలు నిమిషం, నిమిషంన్నరలో అయిపోతాయి. మనం ఇయర్‌ఫోన్ సర్దుకునేలోపే ఫినిష్. 1980ల మధ్యకి వచ్చేసరికి అదే కుర్రాళ్ళలో కొందరికి ఇది ఇరుకు అనిపించింది. కోపం ఉండాలి, కానీ పాట పొడుగ్గా ఉండొచ్చు, మధ్యలో నిశ్శబ్దం రావచ్చు, తాళం విరగొచ్చు అనుకున్నారు. 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఆల్బమ్, ఆ తర్వాత ఫుగాజీ బ్యాండ్ ఆ దారిలోవే. హార్డ్‌కోర్ తర్వాత వచ్చింది కాబట్టి పోస్ట్-హార్డ్‌కోర్ అన్నారు.

శాన్ డియాగోలో రిక్ ఫ్రోబర్గ్, జాన్ రీస్ అనే ఇద్దరు ముందు పిచ్‌ఫోర్క్ అనే బ్యాండ్‌లో ఉండేవాళ్ళు. (ఆ పేరుతో ఉన్న మ్యూజిక్ వెబ్‌సైట్‌కీ దీనికీ సంబంధం లేదు.) అది ఆగిపోయాక మైక్ కెనడీ బాస్ మీద, మార్క్ ట్రాంబినో డ్రమ్స్ మీద చేరారు. అదీ డ్రైవ్ లైక్ జెహూ. పేరు బైబిల్‌లోది. రాజుల రెండో గ్రంథంలో జెహూ అనేవాడు రథాన్ని పిచ్చి స్పీడ్‌లో తోలతాడు, దూరం నుంచి చూసిన కాపలావాడు ఆ తోలడం చూసే అది ఎవరో గుర్తుపడతాడు. తిరుమల ఘాట్ రోడ్డులో ప్రైవేట్ జీపు ఎక్కినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. జాన్ రీస్ తర్వాత తన పేరుకి ముందు 'స్వామి' అని తగిలించుకుని, స్వామి రికార్డ్స్ అని సొంత లేబుల్ కూడా పెట్టాడు. ప్రతి మూడో మాటకి 'సామీ' అనే ఊరిలో పుట్టిన నాకు ఇది భలే నచ్చింది.

సరే, అసలు విషయానికి వద్దాం. మొదటిసారి వినేవాళ్ళకి ముందు తగిలేది ఫ్రోబర్గ్ గొంతు. పాడడు, అరుస్తాడు. మాటలు సగం అర్థం కావు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మనకి పాట అంటే ముందు సాహిత్యం, తర్వాత ట్యూన్, ఆ తర్వాతే మిగతావి. ఆ అలవాటుతో వింటే దీంట్లో పట్టుకోడానికి ఏమీ దొరకదు.

కానీ అరుపుని వినడం మనకి కొత్తేం కాదు. మా కాణిపాకం ఉన్న చిత్తూరు జిల్లాలో చాలా ఊళ్ళల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్నాయి. ఎండాకాలం అక్కడ భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రికి నాటకం, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. రాత్రి నాటకంలో తెల్లవారుజాముకి వేషగాడి గొంతు బొంగురుపోయి ఉంటుంది. పద్యంలో మాట సరిగా వినపడదు. రాగం ఎక్కడో తెగుతుంది. అయినా జనం లేచి వెళ్ళరు. ఎందుకంటే ఆ టైంకి మాట కాదు ముఖ్యం, ఆ గొంతు తన శక్తికి మించి వెళ్తోంది అనేది ముఖ్యం. ఫ్రోబర్గ్ గొంతుని కూడా అలా వినాలి. ఇంకో వాయిద్యం అనుకోండి చాలు.

గొంతు అలా పక్కకి జరిగిందంటే వెనకున్నది వినపడుతుంది. నా ఉద్దేశంలో ఈ ఆల్బమ్ పిచ్చోళ్ళు అందరూ ఇష్టపడేది ఆ వెనకున్నదాన్నే. మామూలు రాక్ బ్యాండ్‌లో ఒక గిటార్ రిథమ్ పట్టుకుంటే ఇంకోటి పైన మెరుపులు మెరిపిస్తుంది. ఇక్కడ రీస్, ఫ్రోబర్గ్ ఇద్దరి గిటార్లూ అలా పని పంచుకోవు. ఒకటి వదిలిన ఖాళీలో ఇంకోటి దూరుతుంది. రెండు స్వరాలు కావాలనే ఒకదానితో ఒకటి పడకుండా గీసుకుంటాయి. ఆ గీతలోంచి మూడో శబ్దం పుడుతుంది, అది ఏ గిటార్‌దో చెప్పలేం. జాతరలో పలకలు కొట్టేవాళ్ళని దగ్గర నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. ఒకడు నడక పట్టుకుంటాడు, ఇంకొకడు దాన్ని అడ్డంగా కోస్తాడు, దూరం నుంచి మనకి ఒకే మోతలా ఉంటుంది.

వీటి కింద కెనడీ బాస్ నేల లాంటిది. ట్రాంబినో డ్రమ్స్ అయితే అందరూ కలిసి స్పీడ్‌గా పోతూ ఒక్కసారిగా ఆగే చోట వినాలి. నలుగురూ ఒకే క్షణంలో ఆగుతారు, ఒకే క్షణంలో మళ్ళీ మొదలుపెడతారు. కోపంలో ఉన్నవాడు అలా ఆగలేడు. బాగా ప్రాక్టీస్ చేసినవాడే ఆగగలడు. బయటికి కంట్రోల్ తప్పినట్టు వినపడే ఈ సంగీతం లోపల చాలా క్రమశిక్షణతో ఉంటుంది. కోడ్ రాసేవాళ్ళకి ఈ ఆనందం తెలుసు.

'ఓ పెన్సిల్ షార్ప్' అనే పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. నిమిషంలో పాట ముగించే సంప్రదాయం నుంచి వచ్చినవాళ్ళు ఇంత పొడుగు పాటని మొదటి ఆల్బమ్‌లోనే పెట్టడం చిన్న విషయం కాదు. ఒకే మలుపు చుట్టూ తిరుగుతూ, నెమ్మదిగా బిగిస్తూ పోతుంది. హెడ్‌ఫోన్స్‌లో, ఇంకో ట్యాబ్ తెరవకుండా వినండి. మొదటి పాట 'కేరెస్' మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా, తలుపు తన్నుకుని లోపలికి వచ్చేస్తుంది. పాటల పేర్లు కూడా సరదాగా ఉంటాయి. చివరి పాట పేరు 'ఫ్యూచర్ హోమ్ ఆఫ్ స్టక్కో మాన్‌స్ట్రాసిటీ', అంటే 'ఇక్కడ త్వరలో ఒక వికారమైన సిమెంటు పూత బిల్డింగ్ రాబోతోంది' అని బోర్డు పెట్టినట్టు. హైవే పక్కన వెంచర్ల బోర్డులు చూస్తూ పెరిగిన మనకి ఇది ఎక్కడ కొట్టాలో అక్కడ కొడుతుంది. 'టర్న్ ఇట్ ఆఫ్' అని ఇంకో పాట ఉంది. మా అమ్మ ఆల్బమ్ మొత్తానికి అదే పేరు పెట్టింది: "ఏందిరా ఆ అరుపులు, ఆపు దాన్ని!"

మరి ఇంత బాగుంటే పేరు ఎందుకు రాలేదు? కొంత టైమింగ్. 1991 సెప్టెంబర్‌లో నిర్వానా 'నెవర్‌మైండ్' వచ్చింది, రాక్ వినే ప్రపంచం మొత్తం అటు తిరిగింది. వీళ్ళది కార్గో/హెడ్‌హంటర్ అనే చిన్న లేబుల్. జాన్ రీస్ అదే సమయంలో నడిపిన రాకెట్ ఫ్రమ్ ద క్రిప్ట్ అనే ఇంకో బ్యాండ్ దీనికంటే ఎక్కువ పాపులర్. కానీ అసలు దెబ్బ కొట్టింది వీళ్ళ రెండో ఆల్బమే. 1994లో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ నుంచి 'యాంక్ క్రైమ్' వచ్చింది. (అందులో 'డూ యూ కంప్యూట్' అని పాట ఉంది, సీఎస్ఈ వాళ్ళు గమనించగలరు.) అది గొప్ప ఆల్బమే, ఒప్పుకుంటా. మరుసటి ఏడాదికల్లా బ్యాండ్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఈ బ్యాండ్ గురించి రాసే ప్రతివాళ్ళూ 'యాంక్ క్రైమ్' దగ్గరే ఆగి, మొదటిదాన్ని దానికి రఫ్ కాపీలా ఒక్క లైన్‌లో తేల్చేస్తారు.

ఇది నాకు నచ్చదు. రఫ్ కాపీ అంటే తర్వాత ఫెయిర్ చేసుకోవాల్సినది. మొదటి ఆల్బమ్‌లో ఉన్న ఎముకలు కనపడే పల్చటి శబ్దం, పాట ఎటు పోతుందో వాళ్ళకే అప్పుడే తెలుస్తున్నట్టుండే ఆ తొందర, రెండోదాంట్లో లేవు. అక్కడ అంతా నిండుగా, బరువుగా ఉంటుంది. రెండూ వేరే పనులు చేస్తాయి.

మా ఊరి వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఆయన ఊరుకోడని నమ్మకం. ఎక్కడెక్కడి నుంచో తగాదాలు తీర్చుకోడానికి ఇక్కడికి వస్తారు. అందుకని 'ప్రపంచంలోనే బెస్ట్ ఆల్బమ్' లాంటి మాట నేను అనను. దీని అభిమానులు కొందరు ఆ మాట సులువుగా అనేస్తారు, వాళ్ళు కోనేట్లో మునిగి వచ్చి గుడిలో చెప్పమంటే చెప్తారో లేదో. నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇంతే: మూడుసార్లు విన్నాక కూడా కొత్త శబ్దం దొరికే ఆల్బమ్‌లు తక్కువ, ఇది వాటిల్లో ఒకటి.

ఈ నలుగురూ తర్వాత ఊరికే ఉండలేదు. ట్రాంబినో రికార్డింగ్ వైపు వెళ్ళి బ్లింక్-182 'డ్యూడ్ రాంచ్', జిమ్మీ ఈట్ వరల్డ్ 'క్లారిటీ', 'బ్లీడ్ అమెరికన్' ప్రొడ్యూస్ చేశాడు. మీ ప్లేలిస్ట్‌లో 'ద మిడిల్' ఉంటే, ఈ డ్రమ్మర్ చెవి మీదుగా వచ్చిన పాట మీరు ఆల్రెడీ విన్నారన్నమాట. రీస్, ఫ్రోబర్గ్ మళ్ళీ హాట్ స్నేక్స్‌లో కలిశారు. ఫ్రోబర్గ్ బొమ్మలు కూడా వేసేవాడు, వాళ్ళ కవర్లు, పోస్టర్లలో అతని గీత కనపడుతుంది.

2014 ఆగస్టు 31న ఈ నలుగురూ శాన్ డియాగోలోని బల్బోవా పార్కులో మళ్ళీ కలిసి వాయించారు. అక్కడ ఆరుబయట ఒక భారీ పైప్ ఆర్గన్ ఉంది, అప్పట్లో దాన్ని వాయించే ఆస్థాన కళాకారిణిగా ఉన్న క్యారల్ విలియమ్స్ వీళ్ళతో కలిసింది. దాదాపు ఇరవై ఏళ్ళు ఆగిపోయిన బ్యాండ్ కోసం పార్కు నిండా జనం. వీడియోలు దొరుకుతాయి, ఆల్బమ్ విన్నాకే చూడండి.

ఫ్రోబర్గ్ 2023 జూన్ 30న 55 ఏళ్ళకే చనిపోయాడు. ఆ నలుగురిని ఒకే స్టేజీ మీద చూసే అవకాశం ఇంక లేదు. తొమ్మిది పాటలు ఉన్నాయి. 'కేరెస్'తో మొదలుపెట్టండి, గొంతు ఇబ్బంది పెడితే రెండోసారి బాస్‌ని మాత్రమే పట్టుకుని వినండి, 'ఓ పెన్సిల్ షార్ప్' దగ్గర స్కిప్ కొట్టకండి. విన్నాక నచ్చకపోయినా క్లబ్ రూమ్‌కి వచ్చి చెప్పండి, కూర్చుని కొట్లాడుకుందాం.