ప్రశ్నలు - జవాబులు: బలం పడుతోందంటే ఆగండి

ప్రశ్న: నా దగ్గర హిమాలయన్ 411, నాన్నగారి పాత స్ప్లెండర్ ఉన్నాయి. రెండూ స్పోకు చక్రాలే. ఇక మీదట టైర్లు ఇంట్లోనే మార్చుకోవాలని ఉంది. షెడ్డులో చోటుంది. ఏ మెషీను కొనమంటారు? బీడ్ బ్రేకర్, స్టాండు, బ్యాలెన్సరు అన్నీ ఒకేసారి తీసుకోనా, ఒక్కొక్కటిగానా?
- బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

జవాబు: మెషీను కొనకండి. కొంటే తర్వాత కొందురుగాని, ఇప్పుడు మాత్రం వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య చాలా వస్తున్నాయి. అందరూ ఏది కొనాలనే అడుగుతున్నారు, టైరు ఎలా ఊడుతుందని ఒక్కరూ అడగడం లేదు. అది తెలియకపోతే ఎస్టోనియా నుంచి రాబకోండా టైరు మెషీను తెప్పించుకున్నా దాని మీద కూడా రిమ్ము వంచుకుంటారు.

టైరు అంచులో ఉక్కు తీగ చుట్ట ఉంటుంది. దాన్నే బీడ్ అంటాం. అది సాగదు. రిమ్ము అంచు చుట్టుకొలత ఆ తీగ చుట్టుకొలత కంటే ఎక్కువ. సాగని తీగ తనకంటే పెద్ద రిమ్ము మీదుగా ఎలా దాటుతుంది? రిమ్ము మధ్యలో లోతుగా ఒక కాలువ ఉంటుంది చూడండి, అది ఉన్నదే అందుకు. ఇవతల టామీ, అంటే టైరు లేపే కడ్డీ, పెట్టి లాగుతున్నప్పుడు, అవతలి వైపు అంచు ఆ కాలువలోకి దిగి ఉండాలి. అక్కడ దిగినంత మేర ఇక్కడ వదులు దొరుకుతుంది. అప్పుడు రెండు వేళ్ల బలంతో టైరు లేస్తుంది. అవతలి అంచు పైనే కూర్చుని ఉంటే మాత్రం పహిల్వాను లాగినా రాదు. వస్తే రిమ్ము వంగి వస్తుంది, లేదా లోపలి తీగ తెగి వస్తుంది. తీగ తెగిన టైరు ఇక బండికి పనికిరాదు. బలం పడుతోందంటే టామీ వదిలేసి అవతలి వైపుకు వెళ్లండి, అక్కడ మోకాలు వేసి అంచుని కాలువలోకి నొక్కండి. ఈ ఒక్కటీ చేతికి పట్టుబడితే మీకు సగం సామాను అక్కర్లేదు.

ఇక కావలసినవి. చెంచా మూతి ఉన్న మంచి టామీలు మూడు, జానెడున్నర పొడవువి చాలు. మరీ పొడవైనవి కొనకండి, పొడవు పెరిగేకొద్దీ మనిషికి బలం వాడాలనే బుద్ధి పుడుతుంది. నీళ్ల పైపు ముక్కను నిలువుగా చీలిస్తే రిమ్ముకి తొడుగు అవుతుంది. వాల్వ్ పిన్ను తిప్పే చిన్న పరికరం, ఒక డబ్బాలో సబ్బునీళ్లు, ఒక బ్రష్షు. స్టాండు బదులు పాత కారు టైరొకటి పంచరు షాపులో అడగండి, ఊరికే ఇస్తారు. దాన్ని నేల మీద పరిచి చక్రాన్ని పైన పెడితే డిస్కు కింద ఖాళీలో ఉంటుంది, దేనికీ తగలదు. డిస్కు నేలకు ఆనేలా చక్రాన్ని పడుకోబెట్టి మోకాళ్లు వేస్తే డిస్కు వంగుతుంది, తర్వాత బ్రేకు పట్టిన ప్రతిసారీ లివరు వణుకుతుంది.

మీరు అసలు డబ్బు పెట్టాల్సినవి రెండున్నాయి. మీ జాబితాలో ఆ రెండూ లేవు. ఒకటి నమ్మకమైన గాలి గేజి. రెండోది టార్క్ రెంచి, అంటే నట్టుని చెప్పినంత బిగువుకే బిగించి టక్కుమని తెలియజేసే పానా. టైరు విప్పడంలో తప్పు జరిగితే టైరు పోతుంది. యాక్సిల్ నట్టు దగ్గర తప్పు జరిగితే మనిషి పోతాడు. కొలిచే సామాను ముందు, విప్పే సామాను తర్వాత. నేను దీన్ని ఎన్నిసార్లయినా రాస్తాను. యాక్సిల్ బిగువెంతో మీ బండి మాన్యువల్‌లో అంకెగా రాసి ఉంటుంది. ఆ అంకె కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించండి.

నేర్చుకోవడం స్ప్లెండర్ ముందు చక్రంతో మొదలుపెట్టండి. సన్నటి 18 అంగుళాల టైరు, ఓపిగ్గా లొంగుతుంది. కొత్త టైరు కొనక్కర్లేదు, ఉన్నదే విప్పి మళ్లీ ఎక్కించండి. చేయి కుదిరేదాకా అదే పని. ఆ తర్వాత హిమాలయన్ ముందు చక్రం, 90/90-21. అది పెద్దదని భయపడతారు గానీ పెద్ద వ్యాసమున్న సన్న టైరు తేలిగ్గానే వస్తుంది. వెనకది 120/90-17, ఆఖరున దాని జోలికి వెళ్లండి. కొత్త టైరుని ఎక్కించే ముందు ఎండలో ఒక గంట పెట్టండి. మీ ఖమ్మం ఎండకి రబ్బరు మెత్తబడి తానే దారి ఇస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మెషీను కావాలనిపిస్తే, నలుగురు మిత్రుల బళ్లూ మీ షెడ్డుకే వస్తుంటే, అప్పుడు కొనండి.

ప్రశ్న: టామీలు జారడానికి గ్రీజు రాయొచ్చా?
- కరీంనగర్

జవాబు: వద్దు, ఇంజినాయిలూ వద్దు, డీజిలూ వద్దు, నూనెలు రబ్బరుని పాడుచేస్తాయి, బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జరిగిపోతుంది, సబ్బునీళ్లే వాడండి.

ప్రశ్న: నా పల్సర్ ఎన్‌ఎస్ 200 వెనక టైరు ట్యూబ్‌లెస్. గాలంతా తీసేసినా అంచు రిమ్ము వదలడం లేదు. పైకెక్కి తొక్కాను, సుత్తితో కొట్టాను. ఏం చేయాలి?
- విద్యార్థి, అనంతపురం

జవాబు: ముందు సుత్తి పక్కన పడేయండి. అల్లాయ్ రిమ్ము ఉక్కులా వంగదు, పగులుతుంది. సన్నటి పగులు కంటికి కనబడకుండా ఉండి, గోతిలో పడ్డ రోజున బయటపడుతుంది.

ట్యూబ్‌లెస్ రిమ్ములో బీడ్ కూర్చునే చోటికి లోపలివైపు చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు జారి లోపలికి పోకుండా అది కాపలా. ఆ గట్టు దాటించడానికి దెబ్బ పనికిరాదు, మెల్లగా పెరిగే ఒత్తిడి కావాలి. వాల్వ్ పిన్ను పూర్తిగా తీసేయండి. అంచు చుట్టూ సబ్బునీళ్లు పోయండి. వడ్రంగి దగ్గర పెద్ద జి-క్లాంపు ఉంటుంది, దాన్ని రిమ్ముకి దగ్గరగా రబ్బరు మీద పట్టించి బిగించుకుంటూ రండి. క్లాంపు దొరక్కపోతే ఇంకో బండి సైడు స్టాండు పాదాన్ని టైరు పక్కగోడ మీద, రిమ్ముకి వేలెడు దూరంలో ఆనించి, ఆ బండి బరువుని మెల్లగా దాని మీదకు వంచండి. రెండో మనిషి బండిని పట్టుకోవాలి. స్టాండు రిమ్ము మీదకి జారిందా, ఆపేయండి. ఒక చోట వదిలాక చక్రం తిప్పుతూ చుట్టూ వదిలించాలి, తర్వాత రెండో వైపు కూడా. చాలామంది రెండో వైపు మర్చిపోయి టామీతో కుస్తీ పడతారు.

మీ బండికి సెంటర్ స్టాండు లేదు. చక్రం తీసేముందు పాడక్ స్టాండు మీద గానీ, బలమైన బల్ల మీద గానీ నిలబెట్టారా లేదా? ఉత్తరంలో రాయలేదు. ఇటుకలు పేర్చి నిలబెట్టి ఉంటే ఇవాళే మార్చండి.

ప్రశ్న: కొత్త ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించాను. కాలి పంపుతో ఎంత కొట్టినా గాలి అంచుల్లోంచి పోతోంది. పెట్రోలు చల్లి అంటిస్తే టప్పున కూర్చుంటుందని మిత్రుడు వీడియో చూపించాడు. ప్రయత్నించొచ్చా?
- గుంటూరు

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. మీ మీద కాదు, ఆ వీడియో తీసినవాళ్ల మీద. అది గాలి నింపడం కాదు, టైరు లోపల పేలుడు. ఎంత ఒత్తిడి పుడుతుందో తెలియదు, దాన్ని ఆపే సాధనం మీ చేతిలో ఉండదు. మీ మొహం ఆ టైరు పక్కనే ఉంటుంది. చేయొద్దు. ఆ మిత్రుడినీ చేయనివ్వద్దు.

టైరు చుట్టూ, నేలకు ఆనే భాగం మీద, లగేజీ కట్టే పట్టీ చుట్టి బిగించండి. మధ్యలో నొక్కుకుంటే అంచులు బయటికి విచ్చుకుని రిమ్ముకి ఆనుతాయి. వాల్వ్ పిన్ను తీసేసి ఉంచండి, గాలి ఒక్కసారిగా లోపలికి పోతుంది. అంచులకు సబ్బునీళ్లు. కాలి పంపు చాలకపోతే చక్రాన్ని చంకన పెట్టుకుని గాలి మెషీను ఉన్న చోటికి వెళ్లండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అంచు కాస్త పట్టగానే పట్టీ తీసేయండి. టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటొద్దు. అక్కడికీ కూర్చోకపోతే గాలి తీసేసి, మళ్లీ సబ్బు రాసి, మొదటి నుంచి చేయండి. కూర్చుందో లేదో చెప్పేది చప్పుడు కాదు. రిమ్ము పక్కన టైరు మీద సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ సమానమైన దూరంలో కనబడాలి.

ప్రశ్న: ట్యూబు నేనే మారుస్తున్నాను. మార్చిన మర్నాటికే పంచరు. ట్యూబులు నాసిరకంవా?
- రైతు, నంద్యాల

జవాబు: ట్యూబుని అనుమానించే ముందు చిల్లు ఎక్కడుందో చూడండి. రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే అది టామీ కొరికింది. లోపలివైపు, రిమ్ము పక్కకి ఉంటే స్పోకు పుల్లల తలల మీద ఉండాల్సిన రిమ్ టేపు జరిగింది. బయటివైపు ఉంటే పాత ముల్లు ఇంకా టైరులోనే ఉంది. వేళ్లతో లోపల తడమకండి, తెగుతుంది. గుడ్డ ముక్కతో తుడవండి, ముల్లు ఉంటే దారం పట్టుకుంటుంది.

ఎక్కించేటప్పుడు ట్యూబులో కొద్దిగా గాలి ఉంచండి, ఆకారం వచ్చేంత. మొహానికి రాసుకునే పౌడరు లోపల చల్లితే మడతలు పడదు. వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, ఎందుకంటే వాల్వ్ ఉన్న చోట అంచు కాలువలోకి దిగలేదు. ఆఖరి జానెడు దగ్గరే అందరూ టామీ లోతుగా గుచ్చి ట్యూబుని నలిపేస్తారు. అక్కడే చెబుతున్నాను, బలం పడితే ఆగండి, అవతలి వైపు నొక్కండి. అయ్యాక వాల్వ్‌ని ఒకసారి లోపలికి తోసి వదలండి, ట్యూబు అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. వాల్వ్ నట్టుని రిమ్ముకి బిగించకండి, మూత దాకా వెనక్కి తిప్పి ఉంచండి. టైరు జరుగుతుంటే వాల్వ్ వంకరగా కనబడి ముందే చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగు రెండో సంవత్సరం. అపార్ట్‌మెంటు పార్కింగులో తనే చక్రాలు విప్పి టైర్లు మార్చుకుంటున్నాడు. రోడ్డు మీద చక్రం ఊడిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. వాళ్ల నాన్న 'చేయనీ' అంటారు.
- గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ భయం సరైన చోటే ఉంది. అయినా వాణ్ని ఆపకండి. తన బండి చక్రం తను విప్పి బిగించే పిల్లవాడు దాని మీద వెళ్లేటప్పుడు మిగతా పిల్లల కంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఆపే బదులు మీరు వెళ్లి పక్కన నిలబడండి. మీకు పని రానక్కర్లేదు. రెండో కంటికి కనబడేవి కొన్ని ఉంటాయి.

మాన్యువల్ మీ చేతిలో పెట్టుకుని యాక్సిల్ నట్టు బిగువు అంకె పైకి చదవండి, టార్క్ రెంచి టక్కుమనేదాకా చూడండి. నట్టుకి పిన్ను ఉండే బండి అయితే పాత పిన్ను మళ్లీ పెట్టనివ్వకండి, కొత్తది వేయించండి. వెనక డ్రమ్ము బ్రేకు అయితే బ్రేకు ప్లేటుని పట్టి ఉంచే కడ్డీ ఒకటుంటుంది, దాని నట్టు మర్చిపోతే బ్రేకు వేయగానే ప్లేటే తిరుగుతుంది. చెయిన్ సర్దే గుర్తులు రెండు వైపులా ఒకే గీత మీద ఉన్నాయా చూడమనండి. డిస్కు బ్రేకు అయితే బండి కదిలే ముందు లివరు పదేపదే నొక్కించండి. చక్రం పెట్టేటప్పుడు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కు ఖాళీగా పోతుంది. గేటు దాటాక మొదటిసారి బ్రేకు నొక్కితే ఏమీ పట్టకపోవడం ఎంత ప్రమాదమో ఊహించండి. టైరు కొత్తదైతే మొదటి నూరు కిలోమీటర్లు మెల్లగా, వంపుల్లో వంచకుండా నడపమనండి. గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోమనండి, టైరు మీదకి వంగొద్దనండి.

ఇవన్నీ మీ ఎదుట చేస్తే ఆ రాత్రి నిద్రపోండి.

ప్రశ్న: తాతగారి బజాజ్ చేతక్ బాగుచేస్తున్నాను. దాని చక్రం రెండు ముక్కలుగా విడిపోతుందట, టామీలే అక్కర్లేదట. నిజమేనా?
- రాజమహేంద్రవరం

జవాబు: నిజమే, రెండు రేకు ముక్కల్ని నట్లతో కలిపిన రిమ్ము అది. అందుకే ప్రమాదం కూడా. ట్యూబులో గాలి ఉండగా ఆ నట్లు విప్పారా, ముక్కలు ఎగిరి మీదకు వస్తాయి. వాల్వ్ పిన్ను బయటికి తీసి, గాలి పూర్తిగా పోయిందని చేత్తో నొక్కి చూసి, అప్పుడే నట్టు మీద పానా పెట్టండి. చక్రాన్ని డ్రమ్ముకి పట్టి ఉంచే నట్లు వేరు, ముక్కల్ని కలిపే నట్లు వేరు. ఏవి ఏవో తెలిసేదాకా ఏదీ ముట్టుకోకండి.

ప్రశ్న: నేను హైవే మీద పంచరు షాపు నడుపుతాను. అందరూ ఇంట్లోనే చేసుకోమని మీరు రాస్తుంటే మా గిరాకీ ఏం కావాలి?
- సూర్యాపేట దగ్గర

జవాబు: మీ గిరాకీ తగ్గాలని నేను ఎన్నడూ కోరను. అర్ధరాత్రి రోడ్డు పక్కన లైటు వేసుకుని కూర్చునేది మీరే. ఇంట్లో నేర్చుకున్నవాడికి మీ చేతి పనితనం ఎంతో అప్పుడే తెలుస్తుంది, బేరమాడడం మానేస్తాడు. వెడల్పు ట్యూబ్‌లెస్ టైర్లు మీ దగ్గరికే వస్తాయి. ఆ అల్లాయ్ రిమ్ములకి ప్లాస్టిక్ తొడుగులు వాడండి, యాక్సిల్ మర మీద సుత్తి దెబ్బ వేయకండి, ఒక టార్క్ రెంచి పెట్టుకోండి. దాన్ని షాపు ముందు కనబడేలా వేలాడదీయండి. చూసి వచ్చేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: ఇంట్లో బ్యాలెన్సింగు కుదురుతుందా?
- వరంగల్

జవాబు: కుదురుతుంది. యాక్సిల్‌ని చక్రంలో దూర్చి రెండు కొసల్నీ సమానమైన ఎత్తు మీద ఆనించి వదలండి, బరువైన చోటు కిందకి వచ్చి ఆగుతుంది, దానికి ఎదురుగా పైన తూకం ముక్క అంటించండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వ్ పక్కకి వచ్చేలా ఎక్కించండి, తూకం తక్కువ పడుతుంది.

ప్రశ్న: ఆఫర్లో టైరు ఇస్తున్నారు. పాత సరుకో కాదో ఎలా తెలుసుకోవాలి?
- హైదరాబాద్

జవాబు: పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో చేసిందని. ఒక వైపు కనబడకపోతే టైరు తిప్పి రెండో వైపు చూడండి.