పాత శుభలేఖ, పెన్‌డ్రైవ్

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు అడుగడుగునా సంతకమే. దరఖాస్తులో, హాజరు పట్టీలో, బ్యాంకు ఖాతాలో, అన్నిచోట్లా చిన్న గడి లోపలే పడాలి. చూపు లేని అభ్యర్థి దగ్గర ఏటీఎం కార్డంత అట్ట ముక్క, దాని మధ్య సంతకం పట్టేంత కిటికీ ఉంటే చాలు. పక్కవాళ్లు దాన్ని గడి మీద ఆనిస్తే, పెన్ను అంచుల మధ్యే నడుస్తుంది. ఖర్చంటారా, ఒక పాత శుభలేఖ.

‘మావాడికి ఏ పరికరం కొనాలి?’ అని వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. పిల్లాడు ఏ పని దగ్గర ఆగిపోతున్నాడో చూడకుండా ఏదీ కొనకండి. రాసేటప్పుడు కాగితం కదిలిపోతోందా? పరీక్ష అట్టకు రెండు వైపులా క్లిప్పులు పెట్టండి. పెన్ను పట్టు చిక్కడం లేదా? సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేయండి. చదువుతుంటే వరుస తప్పుతోందా? నల్ల అట్టలో ఒక్క వరుస కనిపించేంత సందు కోయండి. ఫెవికాల్ గీత మీద దారం అంటించి ఆరనిస్తే, మ్యాపులో గోదావరి వేళ్లకు తగులుతుంది. రంగు ప్లాస్టిక్ షీటుతో డిస్లెక్సియా పోతుందనే ప్రచారానికి మాత్రం డబ్బు పోయకండి.

ఇక కంప్యూటర్. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. 2006లో దీన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వాసి మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. ఇది తెలుగూ చదువుతుంది. చిక్కంతా మన మెటీరియల్‌తోనే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్ మన కళ్లకు తెలుగే. ఎన్‌వీడీఏ చెవికి అది అర్థంలేని గుర్తుల వరస. పేజీలు ఫొటో తీసి చేసిన పీడీఎఫ్ అయితే అసలు నోరే విప్పదు. కాబట్టి నోట్స్ అడిగేటప్పుడే యూనికోడ్‌లో కావాలని అడగండి. ఒంటిచేత్తో టైపు చేసేవారు విండోస్‌లో షిఫ్ట్ మీటను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది. రెండు మీటలు ఒకేసారి నొక్కే అవస్థ ఉండదు. వినికిడి తక్కువైనవారికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఎదుటివారి తెలుగు మాటను అక్షరాల్లో చూపిస్తుంది. తరగతి గోలలో తప్పులు పడతాయి, ఫోన్‌ను మాస్టారి బల్ల మీద పెట్టండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌ను అనుమతించిన పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఇవన్నీ దరఖాస్తులోనే కోరాలి. ఇంట్లో చేసుకున్న అట్ట ముక్కకైనా పరీక్ష కేంద్రంలో ముందే అనుమతి తీసుకోవాలి. స్క్రైబ్‌తో కనీసం నాలుగైదు నమూనా పరీక్షలు రాయించి చూడండి. చెప్పి రాయించడం చాలామంది అనుకున్నంత సులువు కాదు, లెక్కల్లో మరీ కష్టం.

ఇంటర్వ్యూలో ‘ఈ పని ఎలా చేస్తావు?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మాటలతో ఒప్పించే కన్నా ఎక్సెల్ షీటు ఒకటి తెరిచి చేసి చూపడం మేలు. ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడపొచ్చు. బయటి పెన్‌డ్రైవ్‌లను అనుమతించని ఆఫీసులు చాలా ఉన్నాయి, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. కుదరదంటే సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, చార్జింగ్ నింపుకుని.