ఉప్పు పుట్టించు మూలకములు

తెనాలి నుండి చెన్నపట్నము వైపునకు పోవు రైలుబండి బాపట్ల, చీరాలలను దాటి చినగంజాము చేరును. ఆ తీరమున ఉప్పు కొఠార్లు చిరకాలముగా కలవు. ఉప్పునీటిని చదునైన మళ్ళలో నిలువగట్టుదురు. వేసవి ఎండకు నీరు ఆవిరియై పోగా, మడి అడుగున తెల్లని ఉప్పుకల్లు నిలుచును. పాదములు పగుళ్ళువాఱ పనివారు దానిని గోరుకొని గట్టున కుప్పలు పోయుదురు.

ఆ ఉప్పుకల్లులో సోడియము, క్లోరిన్ అను రెండు మూలకములు కలిసియున్నవి. సోడియము మెత్తని లోహము. నీట వేసినచో బుసకొట్టుచు పరుగులిడును, ఒక్కొక్కప్పుడు మండును. క్లోరిన్ ఆకుపచ్చ కలసిన పసుపురంగు విషవాయువు. 1915వ సంవత్సరమున బెల్జియములోని ఈప్ర్ యుద్ధభూమిలో శత్రుసైనికులపై వదలినది దీనినే. ఇట్టి రెండును కలిసి మనము పప్పులో వేసికొను ఉప్పైనవి!

క్లోరిన్‌కు ఫ్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ అను తోబుట్టువులు కలవు. లోహములతో కూడి లవణములను పుట్టించుటచే వీనికి లవణజనకములని పేరు. ఆస్టటైన్ కూడ ఈ కుటుంబములోనిదే కాని, అది ప్రకృతిలో లేశమాత్రమే. ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు. బ్రోమిన్ కాటువాసనగల ఎఱ్ఱని ద్రవము. అయొడిన్ నల్లగా మెఱయు ఘనపదార్థము. దానిని వేడిచేసినచో అందమైన ఊదారంగు ఆవిరి లేచును.

రూపములో ఇంత భేదమున్నను వీని స్వభావమొక్కటే. వీని పరమాణువుల వెలుపలి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లుండును. ఎనిమిదవదాని కొఱకు ప్రతిదియు ఆరాటపడును. కాని ఆ లాగికొనుశక్తి అన్నిటికిని సమానము కాదు. ఫ్లోరిన్ పరమాణువు మిక్కిలి చిన్నది. దాని కేంద్రకము వెలుపలి కక్ష్యకు దగ్గఱగా నుండి గట్టిగా లాగును. క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ అను వరుసలో పరమాణువు పెద్దదగుచు వచ్చును. కేంద్రకము దూరమై పట్టు సడలును. కావున బలవంతమైనది బలహీనమైనదానిని దాని లవణమునుండి వెడలగొట్టి ఆ చోటు తానాక్రమించును.

ఉప్పు తీసిన పిమ్మట మడిలో మిగులు చేదునీటికి ఈ న్యాయము ఎంతయో ఉపకరించినది. 1826లో బలార్డ్ అను ఫ్రెంచి యువకుడు మాంపెల్లియె దగ్గఱి ఉప్పుమళ్ళ చేదునీటిపై క్లోరిన్‌ను ప్రయోగించి, ఎఱ్ఱని క్రొత్త ద్రవమును వెలువరించెను. అదియే బ్రోమిన్. అంతకుముందే లీబిగ్ అను మహాశాస్త్రజ్ఞునికి ఆ ద్రవము దొరకినను, అది అయొడిన్ క్లోరైడని తలచి ఆయన సీసాకు ఆ పేరే అంటించి యూరకుండెను. పండితుల తొందరపాటు కూడ ఒక్కొక్కప్పుడిట్లే యుండును. నేడు గుజరాతు తీరమున చేదునీటినుండి బ్రోమిన్ తీయుట పెద్ద పరిశ్రమ.

మఱి ఫ్లోరిన్‌ను వెడలగొట్టగల బలవంతమైన సోదరుడేడి? లేడు. అందుచేతనే మ్వాసాన్ 1886లో విద్యుచ్ఛక్తి సాయమున దానిని వేఱుచేయవలసి వచ్చెను. ఫ్లోరిన్ లవణములు త్రాగునీటిలో మితిమీఱినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి 1937లో తొలుత వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లా ప్రజలను పరీక్షించిన వైద్యులే.

క్లోరిన్ చంపుటకే కాదు, బ్రతికించుటకును పనికివచ్చును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. కృష్ణకు ఇవతల రేపల్లె తీరమును నష్టపడెను. అట్టి ఉప్పెనల పిమ్మట బావులు, చెఱువులు కుళ్ళిన కళేబరములచే చెడి, కలరా వంటి వ్యాధులు పొంచియుండును. అప్పుడు నీటిలో కలుపు బ్లీచింగు పొడి, సున్నముపై క్లోరిన్‌ను ప్రసరింపజేసి చేసినదే. అది క్రిముల దేహమునుండియు ఎలక్ట్రాన్లను లాగి వానిని నశింపజేయును. అయితే మూతి విప్పియుంచిన బస్తాలోని పొడి దినదినమునకు బలము కోల్పోవును. చూచుటకు తెల్లగనే యుండును. కాని బావిలో ఎంత చల్లినను ఫలముండదు.

తుదకు అయొడిన్. ఇది దేహమునకు చాలనిచో గొంతువాపు వచ్చును. గర్భవతికి చాలనిచో శిశువు బుద్ధివికాసమే కుంటుపడును. సముద్రజలములో అయొడిన్ ఉన్నను ఎండిన ఉప్పుకల్లులోనికి అది చేరునది బహుస్వల్పము. కొఠారు ప్రక్కనే కాపురమున్నను ఆ ఉప్పువలన లాభము లేదు! కావున ఉప్పుకు అయొడిన్ చేర్చవలసినదే. 2006 నుండి తినుటకై అయొడిన్ లేని ఉప్పు నమ్ముట నిషేధము.

చేర్చుటలో ఒక చిక్కు కలదు. కుటుంబములో అయొడిన్ పట్టు బలహీనమని చెప్పుకొంటిమి గదా! అయొడైడు రూపమున చేర్చినచో, తేమగాలిలోని ఆమ్లజని దాని ఎలక్ట్రాన్‌ను లాగికొనగా అయొడిన్ విడివడి ఆవిరియై పోవును. మన కోస్తాలో తేమకు కొదువ లేదు. అందుచే ముందే ఆమ్లజనితో గట్టిగా కూడియున్న పొటాషియం అయొడేటును మన దేశమున వాడుచున్నారు. అయినను ఉప్పుజాడీకి మూత బిగించి, పొయ్యి సెగకు దూరముగ నుంచుదురు. వంట దించిన పిమ్మటనే ఉప్పు వేయుదురు.